జురాసిక్ సినిమాలు ఏడు: మొదటిది సరే, మిగతా ఆరింటిలో ఏది నిలబడింది?

ఓరుగల్లు_బాల్కనీ
జురాసిక్ సినిమాల మాట వస్తే చాలు, మొదటిది ఒక్కటే సినిమా, మిగతావన్నీ డబ్బుల కోసం తీసినవి అనేస్తారు. నేను ఒప్పుకోను. 1993లో మొదలై 2025 ‘రీబర్త్’ దాకా మొత్తం ఏడు సినిమాలు వచ్చాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తే ఎన్నో మంచి సీన్లు మరుగున పడిపోతాయి.

నేను వీటిని చూసేది ఒకే లెక్కలో. ఆ సినిమాలో డైనోసార్ జంతువులా ఉందా, విలన్‌లా ఉందా? జంతువుకు ఆకలేస్తుంది, బెదురుతుంది, పిల్లల జోలికొస్తే మీద పడుతుంది, కడుపు నిండితే పడుకుంటుంది. విలన్‌కు ఇవేవీ ఉండవు, హీరోను తరమడమే దాని పని. మొదటి సినిమాలో టీ రెక్స్ అచ్చంగా జంతువే. కంచెలో కరెంటు పోయింది, బయటికొచ్చింది. కారులో టార్చిలైటు కదిలింది, అటు వెళ్లింది. ఎవరి మీదా దానికి పగ లేదు. జబ్బుపడి పడుకున్న ట్రైసెరాటాప్స్ మీద శాస్త్రవేత్త డాక్టర్ గ్రాంట్ తల ఆనించి, అది ఊపిరి తీస్తుంటే దాంతోపాటే పైకీ కిందికీ కదులుతాడు. ఆ సీన్ చూశాక అది బొమ్మ అని ఎవరికీ అనిపించదు.

ఈ లెక్కన నా వరుస ఇది: మొదటిది, ‘ది లాస్ట్ వరల్డ్’, ‘రీబర్త్’, ‘ఫాలెన్ కింగ్‌డమ్’, 2015 ‘జురాసిక్ వరల్డ్’, మూడో భాగం, అన్నిటికన్నా కింద ‘డొమినియన్’. మీ వరుసలు చెప్పండి. ఉత్త నంబర్లు వేసి వెళ్లిపోకుండా ఎందుకో కూడా రాయండి.

కాజీపేట_జంక్షన్
అన్నా, 2015 సినిమాను ఐదో స్థానంలో పెట్టడం అన్యాయం. మొదటి సినిమాలో పార్కు జనానికి తెరవకముందే మూతపడింది. అది నిజంగా నడుస్తుంటే ఎలా ఉంటుందో చూడాలని మనలో ఎంతమందికి ఉండేది! మోనోరైలు, వేలమంది జనం, నీళ్లలోంచి మోససారస్ ఎగిరి సొరచేపను అందుకుంటే గ్యాలరీ అంతా తడిసి కేకలు పెట్టడం, ఇవన్నీ చూపించింది ఆ సినిమాయే. మా బాబుతో తెలుగు డబ్బింగ్‌లో చూశాను. వాడు సీటు అంచు మీదే కూర్చున్నాడు.

పార్కు యజమాని సైమన్ మస్రానీగా ఇర్ఫాన్ ఖాన్ ఎంత హుందాగా ఉంటాడో చూడండి. లాభం కన్నా పార్కుకు వచ్చినవాళ్ల సంతోషం ముఖ్యం అనుకునే మనిషి. హెలికాప్టర్ తానే నడుపుకుంటూ వెళ్లి ప్రాణం పోగొట్టుకుంటాడు.

నీ జంతువు లెక్కకే వద్దాం. ఆ సినిమాలోని రాప్టర్ బ్లూ జంతువు కాదా? దాన్ని పెంచిన ఓవెన్ మాట వింటుంది, ఒక్కోసారి వినదు. ల్యాబులో తయారుచేసిన ఇండోమినస్ ఎదురుపడగానే నాలుగు రాప్టర్లూ అటు తిరిగిపోయే చోట నాకు ఒళ్లు జలదరించింది. 160 కోట్ల డాలర్లకు పైగా వసూలైందంటే ఊరికే కాలేదు.

ఓరుగల్లు_బాల్కనీ
బ్లూ విషయంలో నీతో నాకు గొడవే లేదు. నాకు అడ్డం వచ్చేది ఇండోమినస్. మామూలు డైనోసార్లకు జనం అలవాటుపడిపోయారు, అందుకని ఇంకా పెద్దది, ఇంకా పళ్లున్నది తయారుచేశాం అని ఆ సినిమాలో వాళ్లే చెప్పుకుంటారు. అది తప్పు అని కథ చెబుతూనే, మనల్ని కూర్చోబెట్టడానికి ఆ తప్పునే వాడుకుంటుంది. ఆ సినిమాలో నా గుండె పట్టేసింది గడ్డిలో గాయాలతో పడిపోయిన అపాటోసారస్. ఇండోమినస్ తినడానికి కాకుండా సరదాకు చంపి వదిలేసింది. పార్కు నడిపే క్లెయిర్ దాని తల మీద చెయ్యి వేస్తుంది. ఆ ఒక్క సీన్ కోసం నిజంగా తల, మెడ తయారుచేయించారు. మిగతా సినిమా దాదాపు మొత్తం కంప్యూటర్ బొమ్మలే. ఆ తేడా కంటికి తెలిసిపోతుంది.

మంథని_గోదారి
మా దగ్గర శివ్వారం అభయారణ్యంలో గోదావరి ఒడ్డున మొసళ్లు ఉంటాయి. బండ మీద ఎండ కాగుతూ పడుకున్న మొసలిని చూసినవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. నోరు తెరిచి అట్లాగే ఉంటుంది, కదలదు. దానికి మన ధ్యాసే ఉండదు, భయమంతా మనదే.

ఆ భయాన్ని తెర మీద సరిగ్గా పట్టుకున్నది ‘రీబర్త్’. ఏటి ఒడ్డున టీ రెక్స్ నిద్రపోతుంటుంది. దాని పక్కనే రబ్బరు తెప్ప. ఆ కుటుంబం బయటపడాలంటే ఆ తెప్ప కావాలి. అది పడుకుని ఉన్నంతసేపూ ఉన్న టెన్షన్, లేచి నీళ్లలో వెంటపడ్డాక కూడా అంత లేదు నాకు. డైరెక్టర్ గారెత్ ఎడ్వర్డ్స్‌కు పెద్ద జంతువును ఎంత దూరం నుంచి చూపించాలో తెలుసు. గడ్డిమైదానంలో టైటానోసార్ల జంట తోకలు పెనవేసుకునే చోట కూడా అంతే, తొందరపడడు.

కానీ చివర్లో డిస్టార్టస్ రెక్స్‌ను తెచ్చి ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. ఉబ్బిన తల, ఆరు కాళ్లూ చేతులూ. ఏటి ఒడ్డున పడుకున్న మామూలు టీ రెక్స్ పెట్టిన భయంలో సగం కూడా అది పెట్టలేదు. బాల్కనీ అన్న కొలత నాకు నచ్చింది. ఈ సినిమాలో ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

నయీంనగర్_రీడర్
ఆ తెప్ప సీన్ ఎక్కడిదో తెలుసా? 1990లో మైఖేల్ క్రైటన్ రాసిన మొదటి నవలలోది. గ్రాంట్, ఇద్దరు పిల్లలు ఏటిలో తెప్ప మీద పోతుంటే టీ రెక్స్ వెంటపడుతుంది. 1993 సినిమాలో అది రాలేదు. క్రైటన్‌తో కలిసి అప్పుడు స్క్రిప్టు రాసిన డేవిడ్ కెప్ ‘రీబర్త్’ కూడా రాశాడు, ముప్పై ఏళ్లు దాటాక ఆ సీన్‌ను బయటికి తీశాడు.

నవల చదివి సినిమాలు చూస్తే ఇలాంటివి ఇంకా దొరుకుతాయి. ‘లాస్ట్ వరల్డ్’ మొదట్లో సముద్రం ఒడ్డున చిన్నపాప మీద కాంప్సొగ్నాథస్ అనే చిన్న డైనోసార్ల గుంపు పడుతుంది, దాని మూలం మొదటి నవల తొలి పేజీల్లో ఉంది. జలపాతం వెనక దాక్కున్నవాళ్ల కోసం టీ రెక్స్ తల లోపలికి పెట్టడమూ మొదటి నవలలోదే. మూడో భాగంలో పొగమంచు మధ్య పెద్ద పక్షుల పంజరం, అదీ మొదటి నవలే. అంటే మొదటి సినిమాలో వాడకుండా మిగిలిన సరుకుతో మూడు సీక్వెల్స్‌లో మంచి ఘట్టాలు వచ్చాయి. ఆ సరుకు దగ్గర పెట్టుకోనప్పుడే ఇండోమినస్, ఇండోరాప్టర్ లాంటి కలగలుపు జంతువులు మొదలయ్యాయని నా గట్టి నమ్మకం.

ఇంకో ముఖ్యమైన తేడా పార్కు కట్టిన హామండ్. నవలలో అతను స్వార్థపరుడు, చివరికి ఆ చిన్న డైనోసార్ల నోటనే పడతాడు. సినిమాలో ఆ పాత్ర రిచర్డ్ అటెన్‌బరోది. 1982లో ‘గాంధీ’ తీసిన ఆయనే. ఆ ఏడాది ఆస్కార్లలో, మొదటి జురాసిక్ సినిమా తీసిన స్పీల్‌బర్గ్ ‘ఈటీ’ని దాటి ఉత్తమ చిత్రం అయింది ‘గాంధీ’. తన సినిమాను ఓడించిన డైరెక్టర్‌ను పిలిచి ఇంత ప్రేమగల పాత్ర ఇచ్చాడు స్పీల్‌బర్గ్. ఆ ముసలాయన ఒంటరిగా కూర్చుని కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ తింటూ తను మొట్టమొదట పెట్టిన ఫ్లీ సర్కస్ (చిన్న పురుగుల ఆట) గురించి చెప్పే సీన్ ఏ సీక్వెల్‌లోనూ లేదు. ఏ సీక్వెల్ యజమానికీ అట్లాంటి మనసు రాయలేదు. మస్రానీ ఒక్కడే కొంచెం దగ్గరికి వస్తాడు.

సౌండ్‌బాక్స్_కరీంనగర్
అందరూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు, చెవుల గురించి ఎవరూ రాయలేదు. మొదటి సినిమాలో టీ రెక్స్ కారు మీద పడే సీన్ మళ్లీ పెట్టి వినండి. జాన్ విలియమ్స్ అంతటివాడు ఉండి కూడా ఆ సీన్‌లో సంగీతం లేదు. వాన, బురద, ఇనుము వంగే చప్పుడు, పిల్లల అరుపులు, అంతే. మన భయాన్ని మనకే వదిలేశారు.

సౌండ్ డిజైనర్ గ్యారీ రైడ్‌స్ట్రామ్ టీ రెక్స్ అరుపును ఏనుగు గున్న, పులి, మొసలి జాతి జంతువు గొంతులు కలిపి తయారుచేశాడు. సినిమాకు వచ్చిన మూడు ఆస్కార్లలో రెండు శబ్దానివే, మూడోది విజువల్ ఎఫెక్ట్స్‌ది. డీటీఎస్ డిజిటల్ సౌండ్‌తో విడుదలైన మొదటి సినిమా కూడా ఇదే. గ్లాసులో నీళ్లు వలయాలుగా వణికే షాట్ కూడా శబ్దం గురించే. అడుగు వినపడకముందే అది కనపడుతుంది. కారు డ్యాష్‌బోర్డు కింద గిటార్ తీగ కట్టి మీటి ఆ వలయాలు తెప్పించారు.

సీక్వెల్స్‌లో ఎక్కడ చూసినా ఆర్కెస్ట్రా ఆగదు. 2015 నుంచి మూడు సినిమాలకు మైకేల్ జియాకినో సంగీతం ఇచ్చాడు, మంచి పనివాడే, కానీ డైరెక్టర్లు అతనికి ఊరుకునే అవకాశం ఇవ్వలేదు. మౌనంతో భయపెట్టిన చోటు సీక్వెల్స్‌లో నాకు ఒకటే గట్టిగా గుర్తుంది. ‘లాస్ట్ వరల్డ్’లో లోయ మీద వేలాడే ట్రైలర్ అద్దం మీద సారా అనే శాస్త్రవేత్త పడి ఉంటే, అద్దం చిటచిటమని పగులుతుంటుంది. ఆ అద్దం చప్పుడు విన్నప్పుడు థియేటర్‌లో మా వరుసలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

ఓరుగల్లు_బాల్కనీ
సౌండ్‌బాక్స్ అన్న చెప్పిన ఆ సీన్ కోసమే ‘లాస్ట్ వరల్డ్’ నాకు రెండో స్థానం. ఆ ట్రైలర్ లోయలోకి ఎందుకు జారింది? లోపల కాలు విరిగిన టీ రెక్స్ పిల్ల ఉంది. కట్టు కడదామని వీళ్లు తెచ్చారు. తల్లీ తండ్రీ దాన్ని వెతుక్కుంటూ వచ్చాయి. పిల్లను అప్పగించాక వెళ్లిపోయాయి కూడా, మళ్లీ ఎందుకు తిరిగొచ్చి ట్రైలర్‌ను నెట్టాయంటే ఇక్కడ మళ్లీ మనుషులు ఉండకూడదని. చివర్లో శాన్ డియేగో వీధుల్లో పెద్ద టీ రెక్స్‌ను మళ్లీ ఓడలోకి ఎక్కించింది కూడా పిల్ల కోసమే. సినిమా మొత్తం ఒక జంట తమ పిల్ల కోసం చేసే పని. ఇంతకన్నా జంతువును జంతువుగా చూపించిన సీక్వెల్ ఏది?

పీట్ పోస్టిల్‌త్‌వైట్ వేసిన వేటగాడు రోలండ్ పాత్ర కూడా చూడండి. మగ టీ రెక్స్‌ను వేటాడాలని వచ్చినవాడు, పట్టుకున్నాక గెలిచాననే సంతోషం లేకుండా, ఇంక చావుల సావాసం చాలని వెళ్లిపోతాడు.

శాన్ డియేగో భాగం హడావుడిగా ఉందని నేనూ అంటాను. ఓడలో నావికులు ఎట్లా చనిపోయారో సినిమా సరిగ్గా చెప్పదు. టీ రెక్స్ పెరటి ఈతకొలనులో నీళ్లు తాగడం మాత్రం ఎంత చక్కటి ఆలోచన! ఊళ్లోకి వచ్చిన జంతువుకు ముందు దాహమే వేస్తుంది.

మూడోభాగం_నాది
జగిత్యాల నుంచి రాస్తున్నాను. మూడో భాగాన్ని కింద పెట్టినవాళ్లందరికీ ఒక మనవి, ఇంకోసారి చూడండి. 2001లో జో జాన్‌స్టన్ తీశాడు, 92 నిమిషాలే. షూటింగ్ దగ్గరపడ్డాక అప్పటిదాకా ఉన్న స్క్రిప్టును పక్కన పడేశారు. ఆ తొందరలోనూ సినిమా పరుగెత్తుతుంది. ఉపన్యాసాలు లేవు, కంపెనీ కుట్రలు లేవు. కొడుకు తప్పిపోయాడు, అమ్మానాన్న వెతకడానికి వెళ్లారు, డాక్టర్ గ్రాంట్‌ను మోసం చేసి తీసుకెళ్లారు. అంతే కథ.

అందరికీ కోపం ఎందుకో నాకు తెలుసు. స్పైనోసారస్ టీ రెక్స్ మెడ విరిచేస్తుంది. సిరీస్ మొత్తానికి రాజులాంటి జంతువును అట్లా చంపడం ఎవరికీ మింగుడుపడలేదు. కానీ ఆ స్పైనోసారస్‌ను యంత్రబొమ్మలు చేసే స్టాన్ విన్‌స్టన్ బృందం దాదాపు 12 టన్నుల యంత్రంగా తయారుచేసింది. వానలో, నీళ్లలో పనిచేసే యంత్రం. ఏటిలో పడవ మీద దాడి చూస్తే ఆ బరువు తెలుస్తుంది. శాటిలైట్ ఫోన్ రింగ్ వినపడుతుంది, కొడుకు బతికే ఉన్నాడని తల్లిదండ్రులు కంచె దగ్గర సంతోషంగా ఉంటారు, ఆ రింగ్ వస్తున్నది స్పైనోసారస్ కడుపులోంచి అని తెలిసేసరికి అది వెనకే నిలబడి ఉంటుంది. భయానికీ కథకూ ఒకే వస్తువును ఇంత బాగా వాడిన సీన్ కొత్త సినిమాల్లో చూపించండి నాకు.

పక్షుల పంజరం సీన్ గురించి రీడర్ గారు చెప్పేశారు. పొగమంచులోంచి టెరనోడాన్ ఇనుప వంతెన మీద నడుచుకుంటూ వస్తుంది. ఎగురుతూ కాదు, నడుస్తూ. అది ఎంత ఎత్తుందో అప్పుడు తెలుస్తుంది.

ములుగురోడ్_98
అందరూ డొమినియన్‌ను తిడుతున్నారు, నేను దాని తరఫున రాస్తాను. మాది రైతు కుటుంబం, పత్తి వేస్తాం. డైనోసార్ సినిమాలో మిడతలేంటి అని జనం విసుక్కున్నారు కదా, నాకు ఆ సినిమాలో పట్టుకున్నదే ఆ మిడతల కథ. బయోసిన్ అనే కంపెనీ మిడతలను పుట్టించింది. అవి పంటలన్నీ తినేస్తాయి, ఒక్క ఆ కంపెనీ విత్తనం వేసిన చేను తప్ప. పక్క చేను మొత్తం బూడిదై, దీని చేను పచ్చగా నిలబడి ఉంటుంది. ఏటేటా విత్తనం ప్యాకెట్ కొనుక్కునేవాళ్లకు ఆ షాట్ వేరేలా కనపడుతుంది. దాచుకున్న గింజ వేసే కాలం మా తాతతోనే పోయింది.

ఇంకో సంగతి. 2020 వేసవిలో మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చింది. మన సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేశారు. ఊళ్లో డప్పులు, పళ్లేలు మోగించాలని, మందు కొట్టడానికి సిద్ధంగా ఉండాలని చెప్పుకున్నాం. అదృష్టం బాగుండి మా వైపు రాలేదు. రెండేళ్ల తర్వాత ఆ సినిమాలో ఇద్దరు పిల్లల చుట్టూ మిడతలు కమ్ముకోవడం చూస్తే నాకు అది కల్పన అనిపించలేదు.

సినిమాలో తప్పు ఏంటంటే ఆ కథను సగంలో వదిలేసి మాల్టాలో బైకు వెంట రాప్టర్లను పరిగెత్తించడం. రైతుల సినిమా, గూఢచారి సినిమా, పాతవాళ్లు కలుసుకునే సినిమా, మూడూ ఒకటిగా కుట్టారు. దేనికీ ఊపిరి ఆడలేదు. శామ్ నీల్, లారా డెర్న్, జెఫ్ గోల్డ్‌బ్లమ్ ముగ్గురూ మొదటి సినిమా తర్వాత మళ్లీ ఒకే కథలో కలిసి నడిచింది ఇందులోనే, అది మాత్రం నాకు పండగ.

ఓరుగల్లు_బాల్కనీ
తమ్ముడూ, మిడతల గురించి ఈ కోణంలో ఎవరూ రాయగా నేను చదవలేదు. ఆ సినిమా నాకు ఇప్పటికీ అన్నిటికన్నా కిందే. ఎందుకంటే ముందు సినిమా చివర డైనోసార్లు మన ప్రపంచంలోకి వచ్చేశాయి అని పెద్ద మాట చెప్పి వదిలారు. ఊళ్ల మీద, పొలాల మీద, రోడ్ల మీద వాటితో మనుషులు ఎట్లా బతుకుతారో చూపించాల్సింది ఇక్కడే. దాన్ని వార్తల క్లిప్పింగుల్లో తేల్చేసి, మళ్లీ అందరినీ ఒక లోయలోకి పంపారు. నువ్వు రాసిన రెండు పేరాల్లో ఉన్న సినిమా తీసి ఉంటే నేను దాన్ని రెండో స్థానంలో పెట్టేవాణ్ని.

పాత_ఆదిలాబాద్_టీచర్
సైన్స్ టీచర్‌ని, మంచిర్యాల వైపు. ఈ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పేరు జురాసిక్ పార్కే కాని, సినిమాలో మనం చప్పట్లు కొట్టే టీ రెక్స్, వెలాసిరాప్టర్, ట్రైసెరాటాప్స్ అన్నీ జురాసిక్ యుగం అయిపోయాక ఎంతోకాలానికి, క్రెటేషియస్‌లో బతికినవి. నిజమైన జురాసిక్ డైనోసార్లు మన ప్రాణహిత, గోదావరి లోయలో దొరికాయి.

పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్‌కు ఆ పేరు 1988లో పి. యాదగిరి అనే శాస్త్రవేత్త పెట్టారు. పొడుగు మెడ, పొడుగు తోక ఉన్న శాకాహారి, తొమ్మిది మీటర్లు ఉంటుంది. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు ఒకే చోట దొరికాయి. వాటిని కూర్చి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. ‘కోట’ అని పిలిచే ఇవే రాతిపొరల్లో నది అవతల సిరోంచ వైపు బరపాసారస్ టాగోరై దొరికింది. ఠాగూర్ శతజయంతి రోజుల్లో దొరికిందని ఆయన పేరు కలిపారు, అది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. రెండూ 18 కోట్ల ఏళ్లకు అటూ ఇటూగా బతికినవి. రెండింటికీ పళ్లు దొరికాయి కాని పుర్రె దొరకలేదు.

మొదటి సినిమాలో చెట్టు మీద పిల్లలకు దగ్గరగా వచ్చి ఆకులు తినే బ్రాకియోసారస్ ఈ కుటుంబానికే చెందిన దూరపు చుట్టం. ఆ సీన్ నా విద్యార్థులకు చూపించి, ఇట్లాంటిది మన ప్రాణహిత ఒడ్డున నడిచింది అని చెబితే క్లాసులో మాట పడిపోతుంది. వాళ్ల ఊరి పేరు ఒక డైనోసార్ పేరులో ఉందని తెలిస్తే పిల్లలు ఎట్లా చూస్తారో మీరు చూడాలి.

ఎనిమిదో_ఇంక్లైన్
మేడం, గోదావరిఖని నుంచి అడుగుతున్నా. మేం ఇంతకాలం బొగ్గు తవ్వాం, ఓపెన్‌కాస్ట్‌లో ఎంత లోతుకు పోయామో మీకు తెలుసు. ఆకుల అచ్చులు రాళ్ల మీద చూశాను. ఎముక మాత్రం ఒక్కటి కూడా కనపడలేదు. మా కింద కూడా డైనోసార్లు ఉన్నట్టా?

పాత_ఆదిలాబాద్_టీచర్
మీ కింద ఉండవు సార్. సింగరేణి బొగ్గు పెర్మియన్ కాలంది, డైనోసార్లు పుట్టకముందే ఉన్న అడవులు అవి. మీరు చూసిన ఆకులు ఆ అడవులవే. కోట పొరలు వాటికన్నా ఎంతో పైన, తర్వాతి కాలంలో ఏర్పడ్డాయి. మీరు డైనోసార్ల కన్నా పాతకాలం తవ్వారు, కాబట్టి ఎముక దొరకకపోవడమే సరైన సంగతి. ఆకుల అచ్చు ఉన్న రాయి మీ దగ్గర ఉంటే మా బడికి ఇవ్వండి, పిల్లలకు చూపిస్తాను.

ఎనిమిదో_ఇంక్లైన్
ఇస్తా మేడం. ఇంట్లో ఒకటి ఉంది.

కాజీపేట_జంక్షన్
మేడం, సినిమాలో చూపించే రాప్టర్ మనిషంత ఎత్తుంటుంది కదా, అది కూడా నిజం కాదా?

పాత_ఆదిలాబాద్_టీచర్
అసలు వెలాసిరాప్టర్ టర్కీ కోడి అంత ఉంటుంది, ఒంటి మీద ఈకలు. సినిమావాళ్లు డైనోనికస్ అనే పెద్ద చుట్టాన్ని చూసి దాన్ని ఇంకా పెంచారు. డైలోఫోసారస్‌కు మెడ చుట్టూ విసనకర్ర, విషం చిమ్మడం పూర్తిగా కల్పన. దోమ కడుపులోని రక్తంలో దొరికిన డీఎన్‌ఏతో డైనోసార్లను పుట్టించే సంగతి కూడా అంతే. ఎముకలో డీఎన్‌ఏ సగం పాడవడానికి దాదాపు 521 ఏళ్లు అని 2012లో ఒక పరిశోధన లెక్కగట్టింది. ఆ లెక్కన కోట్ల ఏళ్ల తర్వాత ఏమీ మిగలదు. అయినా నేను ఆ సినిమా చూపిస్తాను. ఆ సినిమాలో శాస్త్రవేత్తలు దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని బ్రష్‌తో మట్టి తుడుస్తారు. అంతకుముందు ఇంత పెద్ద సినిమాలో ఆ పనిని ఇంత గౌరవంగా చూపించడం నేను చూడలేదు.

మంథని_గోదారి
‘ఫాలెన్ కింగ్‌డమ్’ గురించి ఎవరూ పెద్దగా రాయలేదేంటి? ద్వీపంలో అగ్నిపర్వతం పేలుతుంది, ఓడ కదిలిపోతుంది. రేవు చివర ఒక బ్రాకియోసారస్ ఒంటరిగా నిలబడి ముందుకాళ్లు ఎత్తి పిలుస్తుంది, పొగ కమ్మేస్తుంది. మొదటి సినిమాలో మనం మొట్టమొదట తల ఎత్తి చూసిన జంతువు బ్రాకియోసారసే. డైరెక్టర్ బయోనా ఆ సీన్‌ను ఎవరినీ పరిగెత్తించకుండా తీశాడు. నాకు కళ్లు తడిశాయి, చెప్పుకోవడానికి మొహమాటం లేదు. తర్వాత సగం సినిమా ఒక బంగళాలో వేలంపాటకు పోయింది. కిటికీలోంచి ఇండోరాప్టర్ గోరు పాప మంచం మీదకు చాచడం దయ్యాల సినిమాలా ఉంది. అది నాకు నచ్చింది, కానీ మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

మూడోభాగం_నాది
బయోనా ఆ సినిమాలో మళ్లీ నిజమైన యంత్రబొమ్మలు ఎక్కువ వాడాడు, అది చెప్పాలి. మొదటి సినిమా నిడివి 127 నిమిషాలు, అందులో డైనోసార్లు కనపడేది మొత్తం పావుగంట లోపు. అందులోనూ ఎక్కువ భాగం స్టాన్ విన్‌స్టన్ తయారుచేసిన బొమ్మలు, కంప్యూటర్‌వి తక్కువ. వానలో టీ రెక్స్ బొమ్మ చర్మం నీళ్లు పీల్చుకుని బరువెక్కి వణికిపోయేది. షాట్‌కు షాట్‌కు మధ్య మనుషులు తువ్వాళ్లతో తుడిచేవాళ్లు. ఎంతసేపు చూపించాలో ఆచితూచి వాడాల్సి వచ్చింది కాబట్టే ఒక్క షాట్ కూడా దండగ పోలేదు. తర్వాత కంప్యూటర్ చవకైంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూపించేశారు. నాకు సీక్వెల్స్ అన్నింటి మీదా ఉన్న ఫిర్యాదు ఇదే, నా మూడో భాగం మీద కూడా.

ములుగురోడ్_98
అన్నలూ, అక్కా, ఒక పని మాట. దసరా సెలవులకు మా అక్క పిల్లలు వస్తున్నారు, ఒకడికి పది, చిన్నదానికి ఏడు. ఇద్దరూ ఒక్కటీ చూడలేదు. ఏ వరుసలో పెట్టాలి? చిన్నది చీకటంటే భయపడుతుంది.

సౌండ్‌బాక్స్_కరీంనగర్
మొదటిది పగలు పెట్టు. టీవీ స్పీకర్ కాకుండా చిన్న సౌండ్‌బార్ అయినా తగిలించు, అడుగుల చప్పుడు నేల మీద తెలియాలి. వంటగదిలో రాప్టర్ల సీన్‌కు చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకో, అది టీ రెక్స్ కన్నా పిల్లలను ఎక్కువ భయపెడుతుంది. అందులో ఉన్నది ఇద్దరు పిల్లలే కాబట్టి.

పాత_ఆదిలాబాద్_టీచర్
కరెంటు గదిలో తెగిన చెయ్యి కనపడే చోటు ఏడేళ్ల పాపకు వద్దు బాబూ, ముందుకు జరిపెయ్. ‘లాస్ట్ వరల్డ్’ మొదటి సీన్ కూడా దాటించు, చిన్నపాప మీద దాడి అది.

కాజీపేట_జంక్షన్
మొదటిది అయ్యాక నేరుగా 2015కు వెళ్లు తమ్ముడూ. పాత పార్కు శిథిలాల్లో ఇద్దరు అన్నదమ్ములకు ఆ జీపు, ఆ కళ్లద్దాలు దొరికే చోట, వీళ్లు నిన్ననే అవి చూసి ఉంటారు కాబట్టి గుర్తుపట్టి అరుస్తారు. మా వాడు అరిచాడు.

ఓరుగల్లు_బాల్కనీ
పదేళ్లవాడితో ‘లాస్ట్ వరల్డ్’ నువ్వు విడిగా చూడు. చిన్నదానికి ఇంకో రెండేళ్లు ఆగొచ్చు. ‘డొమినియన్’ పెడితే నువ్వు మిడతల గురించి రాసింది వాడికి ముందే చెప్పు, అప్పుడు వాడు ఆ సినిమాను నీ కళ్లతో చూస్తాడు.

మూడోభాగం_నాది
మూడో భాగం గంటన్నరే. రాత్రి భోజనానికి ముందు అయిపోతుంది. ఎక్కడైనా ఇరికించెయ్, కాదనకు.